కారణం రాయని చీటీ

బొటనవేలి గోరు పక్కన నీలం మరక కనబడేసరికి చీటీలమ్మ చేతిలోని గిన్నె జారి తొట్టిలో పడింది.

పొద్దున్న ఎనిమిదిన్నర. అప్పుడే మైకు కట్టిన జీపు ఒకటి వీధంతా తిరిగి వెళ్ళింది. ఉద్యోగులందరూ పదింటికల్లా ఎవరి ఆఫీసులో వాళ్ళు హాజరు వేయించుకోవాలని, రానివాళ్ళ ఇళ్ళకు తామే వస్తామని చెప్పి వెళ్ళింది. ఊరు తెల్లారేసరికి చేతులు మారిపోయింది. వచ్చినవాళ్ళకు పేరుంది గానీ ఎవరూ ఆ పేరు పలకడం లేదు. "వాళ్ళు" అంటున్నారు, అంతే. అలా అనేటప్పుడు కూడా గొంతు తగ్గించి, కిటికీ వైపు ఓసారి చూసి మరీ అంటున్నారు.

"ఏం పగలగొట్టావు?" అంది గుమ్మంలో కూర్చున్న అత్తగారు. "తెల్లవార్లూ తుపాకులు మోగినా నా ఇంట్లో ఒక్క గాజు గ్లాసు కదల్లేదు. నువ్వు చాలేటట్టున్నావు."

ఆ మరక ఎక్కడిదో ఆమెకు బాగా తెలుసు. అది కార్బన్ కాగితం మరక. చీటీ రాసిన రోజున తప్ప ఆ వేలికి అంటదు. నిన్న తను చీటీ రాసిందన్నమాట.

అక్కడే పీట మీద కూలబడింది.

ఆమె ఇరవయ్యారేళ్ళుగా మ్యూజియంలో స్టోరుకీపరు. అద్దాల పెట్టెలో ఉన్న వస్తువును ఎవరు ఏ పని మీద బయటికి తీసినా, దాని చోట ఒక చీటీ పెట్టాలి. వస్తువు నంబరు, పేరు, ఎక్కడికి వెళ్ళింది, కారణం, తిరిగి వచ్చే తేదీ, కింద సంతకం. అసలు చీటీ పెట్టెలో ఉంటుంది, కార్బన్ నకలు పుస్తకంలో ఉంటుంది. కొన్ని చోట్ల ఈ పద్ధతి కాగితాల మీదే ఉంటుందేమో గానీ ఇక్కడ మాత్రం చీటీ లేకుండా ఈగ కూడా కదలడానికి వీల్లేదు. పెద్దసారు, అంటే క్యూరేటరుగారు, ఒకసారి పంటినొప్పితో చెప్పకుండా వెళ్ళిపోతే ఆయన కుర్చీలో కూడా చీటీ పెట్టింది. "ఎక్కడికి: డాక్టరు దగ్గరికి. కారణం: పన్ను. తిరిగి వచ్చే తేదీ: రేపు." ఆయన దాన్ని చాలాకాలం బల్ల అద్దం కింద దాచుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేవాడు. చీటీలమ్మ అన్న పేరు అప్పటినుంచే స్థిరపడింది. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు.

గేటు దగ్గరి కాపలాదారు కాక, నిన్న మధ్యాహ్నం మ్యూజియంలో మిగిలింది ముగ్గురే. పెద్దసారు, తను, వడ్రంగి. వాళ్ళు ఊరికి దగ్గరపడ్డారని తెలియగానే పెద్దసారు ముప్పై వస్తువులకు జాబితా రాశాడు. చేతిలో పట్టేవి, పోతే మళ్ళీ దొరకనివి. పక్క ఊళ్ళో మ్యూజియాన్ని వాళ్ళు ఏం చేశారో అందరూ విన్నారు. పనికొచ్చేవి లారీల్లో వెళ్ళిపోయాయి, తక్కినవి మెట్ల మీద ముక్కలై మిగిలాయి.

"ఇన్నేళ్ళూ మనకు చూపించడమే పని," అన్నాడు పెద్దసారు బొగ్గుపెన్సిలు చెవి వెనక దోపుకుంటూ. "పిల్లలకు కనబడేంత ఎత్తులో పెట్టామా, వెలుతురు సరిగ్గా పడుతోందా అని చూసుకున్నాం. దాచడం ఎవరూ నేర్పలేదమ్మా. తప్పులు చేస్తాం. చూసుకుంటూ చెయ్యండి."

ఆ మాట ఇప్పుడు ఆమె చెవిలో గింగురుమంటోంది.

రెండు ట్రంకుల్లో ముప్పై వస్తువులూ సర్దారు. వడ్రంగి వాటి మీద పలకలు పేర్చి, కోతమిల్లు వెనకున్న తన ఇంటికి బండి మీద తోలుకుపోయాడు. వడ్రంగి ఇంటికి చెక్కలు వెళ్తే ఎవరు చూస్తారు? ఎవరైనా అడిగితే, పైఆఫీసువాళ్ళు ఎప్పుడో పట్టుకెళ్ళారని చెప్పాలి. ఎక్కడున్నదీ ఈ ముగ్గురికి, వడ్రంగి ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. పెద్దసారు జాబితాను అక్కడికక్కడే కాల్చేశాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత చేసిందంతా చీటీలమ్మ సొంత తెలివి.

చివరి గదిలో మూలపెట్టెలో ఒక మట్టిబొమ్మ ఉంటుంది. జానెడు కూడా ఉండదు. తిరగలి ముందు కూర్చుని పిండి విసురుతున్న ఆడమనిషి. ముక్కు అరిగిపోయింది, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. రిజిస్టరులో ఎనిమిది వందల పన్నెండో నంబరు. పెద్ద విలువైందేమీ కాదు, జాబితాలో దానికి చోటు దొరకలేదు. చీటీలమ్మ మాత్రం ఆ బొమ్మను రోజూ పొద్దున్నే పలకరించేది. "అయిందా పిండి?" అని అడిగేది. భర్త దూరప్రయాణాల బస్సు నడిపే మనిషి. ఇంట్లో మాట్లాడటానికి అత్తగారు తప్ప లేరు. అత్తగారితో అయితే వినడమే తప్ప మాట్లాడటం ఉండదు. అందుకని ఆ బొమ్మతో అలవాటు పడింది. ఇప్పుడు ఆ భర్తా ఊళ్ళో లేడు, పది రోజులుగా నదికి అవతల చిక్కుకుపోయాడు, ఫోనులు పనిచెయ్యడం లేదు.

ఆ బొమ్మను మెట్ల మీద ముక్కలుగా ఊహించుకుని తట్టుకోలేకపోయింది. మగవాళ్ళిద్దరూ పలకలు ఎక్కిస్తుంటే, ఆమె చివరి గదికి వెళ్ళి బొమ్మను తీసి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. దారిలో వడ్రంగి భార్య చేతికిచ్చి, ట్రంకు మీద పెట్టమని చెప్పి ఇల్లు చేరింది.

అయితే బొమ్మను తీశాక, పెట్టె తలుపు వేసేముందు, చెయ్యి దానంతటది పుస్తకం తెరిచింది. నంబరు రాసింది. పేరు రాసింది. ఎక్కడికి అన్న గడిలో "వడ్రంగి ఇంటికి" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. సంతకం పెట్టింది. చీటీ చించి బొమ్మ చోట నిలబెట్టింది.

ఇరవయ్యారేళ్ళ అలవాటు. తలుపు తీసి మళ్ళీ వేసుకున్నట్టే.

"నా చేతులు విరగ్గొట్టాలి," అంది పైకే.

"ఆ పని వాళ్ళు చేస్తారులే, నువ్వెందుకు శ్రమపడతావు," అంది అత్తగారు. తరవాత కోడలి మొహం చూసి నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూసుకోవడం అంత తేలికగా జరిగే పని కాదు.

గడియారం చూసింది. పదింటికి గంటన్నర లేదు. వాళ్ళు లోపలే ఉంటే ఈపాటికి చీటీ చదివేసి ఉంటారు. తిన్నగా మ్యూజియానికి పరిగెత్తి తీసేద్దామా? దొరికితే? ముందు వడ్రంగికి చెబుదామా? అక్కడ అతని భార్య ఉంది, మంచంలో అతని తల్లి ఉంది. తన గుండ్రటి అక్షరాలు వాళ్ళ ముగ్గురి మెడకు చుట్టుకున్నాయి. చీర మార్చుకోవడానికి కూడా ఆగకుండా చెప్పులేసుకుంది.

వీధిలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఇళ్ళ తలుపులు బెత్తెడు తెరిచి, ఆ సందులోంచి జనం ఉద్యోగాలకు బయల్దేరేవాళ్ళను చూస్తున్నారు. ఎవరూ పలకరించడం లేదు. బ్యాంకు గుమాస్తా ఒకాయన ఎదురై, తల తిప్పుకుని గోడ వారగా వెళ్ళిపోయాడు. నిన్నటిదాకా ఆయన ఆమెను చూస్తే నవ్వకుండా వెళ్ళేవాడు కాదు.

కోతమిల్లు వెనక వడ్రంగి తలుపు తీశాడు. ఆమె ఏడుస్తూ చెప్పింది, ముక్కు చీదుకుంటూ చెప్పింది, ఆఖరికి తన మాట తనకే అర్థంకాక మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

"దొంగతనం చేసి అడ్రసు రాసిపెట్టి వచ్చావా అక్కా?" అన్నాడు.

"తిట్టు తమ్ముడూ. కొట్టినా పడతాను."

"కొట్టడానికి టైమేదీ." లోపలికి తిరిగి, భార్యతో అమ్మను లేపమన్నాడు. తరవాత ఆమె వైపు చూశాడు. "చీటీలో కారణం ఏమని రాశావు?"

చీటీలమ్మ నోరు తెరిచింది. గుర్తు రాలేదు. నంబరు గుర్తుంది, ఇల్లు గుర్తుంది, సంతకం కింద గీత గీసిన సంగతి కూడా గుర్తుంది. కారణం గడి దగ్గరికి వచ్చేసరికి తెల్లగా ఉంది. భద్రత అని రాసిందా? దాచడానికి అని రాసిందా? ఎంత తవ్వినా పైకి రాలేదు.

"గుర్తులేదు."

"పోయినవారం నేను ఒక పెట్టె కొలత తప్పితే ఊరంతా చెప్పావు. ఇప్పుడు నీ సంగతి ఎవరికి చెప్పాలి?" అని పళ్ళ మధ్య నుంచి అని, బొమ్మను ట్రంకు మీంచి తీశాడు. తిప్పి అడుగు చూశాడు. బొమ్మ కింద ఉండే పాత చెక్కపీట ఒక పక్క నిజంగానే పగిలి ఉంది. "ఇదిగో, రిపేరు. పీట వదులైంది, నేను ఇంటి దగ్గర బాగుచేశాను. మ్యూజియంలో కరెంటు లేక మిషను తిరగలేదు. చీటీలో వేరే ఏదైనా రాసుంటే మాత్రం ఇద్దరం పోయినట్టే."

కత్తి తీసుకుని పది నిమిషాల్లో కొత్త పీట చెక్కాడు. పచ్చి చెక్క వాసన గదంతా నిండింది. చెమట అతని ముక్కు మీంచి చెక్క మీద పడుతూనే ఉంది. బొమ్మను మైనంతో అతికించి, తుడిచి, తిరిగి దాని చోట పెట్టెయ్యమని ఆమె చేతికిచ్చాడు.

"ఈ పెట్టెలు ఇక్కడుండవు," అన్నాడు.

"ఎక్కడికి..." అని మొదలుపెట్టి, ఆమె సగంలోనే ఆగిపోయింది.

అడగడం ఆమె పని. ఎవరు ఏ వస్తువు మీద చెయ్యి వేసినా మొట్టమొదట ఆమె నోట్లోంచి వచ్చే మాట అదే. ఇరవయ్యారేళ్ళలో వెయ్యిసార్లు అడిగి ఉంటుంది, చెప్పేదాకా వదిలిపెట్టి ఎరగదు.

"చెప్పకు," అంది. "నాకు చెప్పకు తమ్ముడూ. పెద్దసారుకూ చెప్పకు."

వడ్రంగి తలూపాడు. అతని భార్య అప్పటికే మంచం మీది ముసలావిడకు శాలువా కప్పి, పొయ్యి మీది నీళ్ళగిన్నె దింపకుండానే బయటికి తీసుకొస్తోంది.

మ్యూజియం దారిలో నాలుగు వీధుల కూడలిలో ఇసకబస్తాలు పేర్చి ఉన్నాయి. సిపాయి ఒకడు తుపాకి గొట్టంతో ఆగమన్నాడు. గుడ్డ విప్పమన్నాడు. బొమ్మను చూసి, ఇదేమిటన్నాడు. మ్యూజియం బొమ్మ అనీ, బాగుచేయించి తిరిగి తీసుకెళ్తున్నాననీ చెప్పింది. వాడు బొమ్మను మెడ దగ్గర పట్టుకుని ఒంటిచేత్తో పైకి లేపాడు.

"రెండు చేతులతో పట్టుకోండి," అంది చీటీలమ్మ. "అడుగున ఒక చెయ్యి పెట్టండి."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. సిపాయి గుడ్లప్పగించి చూశాడు. తరవాత, స్కూల్లో టీచరు చెబితే చేసినట్టు, రెండో చెయ్యి అడుగున పెట్టి, బొమ్మను జాగ్రత్తగా ఆమెకు అందించాడు. వెనక నిలబడ్డవాడు పకపకా నవ్వాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

మ్యూజియం మెట్ల మీద ముక్కలేమీ లేవు. గేటు దగ్గరి కాపలాదారు బాబాయి కళ్ళతోనే లోపలికి చూపించి, వేలెత్తి ఒకటి అన్నాడు. ఒకే ఒక్క ఆఫీసరు, వెంట కొందరు సిపాయిలు. తెల్లవారకముందే వచ్చాడు. పెద్దసారును ఆఫీసులో కూర్చోబెట్టాడు.

చివరి గదికి వెళ్ళాలంటే ఆఫీసు ముందునుంచే వెళ్ళాలి. తలుపు తెరిచే ఉంది. పెద్దసారు తన కుర్చీలో కాకుండా వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, డాక్టరు దగ్గర వంతుకోసం కూర్చున్న మనిషిలా ఉన్నాడు. కుర్చీలో కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి ఉన్నాడు. యూనిఫాం ఇస్త్రీ నలగలేదు. ఆయన ముందు బల్ల మీద చీటీల పుస్తకం. పక్కన ఒక చీటీ.

"రండమ్మా," అన్నాడు మర్యాదగా. "మీకోసమే చూస్తున్నాం."

ఆయన లేచి వచ్చి ఆమె చేతుల్లోంచి బొమ్మను అందుకున్నాడు. అడుగున ఒక చెయ్యి, వీపుకు ఒక చెయ్యి. చెప్పకుండానే. చీటీలమ్మకు సిపాయి తుపాకి చూసినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ భయం వేసింది. వస్తువు విలువ తెలియనివాణ్ణి మాటలతో మాయ చెయ్యొచ్చు. ఈయన ఎక్కడో ఏదో మ్యూజియంలో ఇదే పని చేసినవాడు.

"పదకొండేళ్ళు చేశాను," అన్నాడాయన ఆమె మనసు చదివినట్టే. "చీటీ చూసి సంతోషించాను. యుద్ధంలో కూడా చీటీ పెట్టే మనిషి ఉందంటే. ఎనిమిది వందల పన్నెండు, వడ్రంగి ఇంటికి. వడ్రంగి ఇల్లు ఎక్కడని మీ సారును అడిగితే నాకు తెలియదంటున్నారు. మీరు చెప్పండి, ఎందుకు వెళ్ళింది ఇది?"

పెద్దసారు తల ఎత్తలేదు. ఆయనకు ఈ బొమ్మ సంగతి కూడా తెలియదు పాపం. చీటీ చూసినప్పుడు ఆయనకు ఏమనిపించిందో తలుచుకుంటే ఆమెకు తల తీసేసినట్టయింది.

"పీట వదులైంది సార్," అంది. "కరెంటు లేక ఇంటి దగ్గర బాగుచేయించాం."

ఆయన బొమ్మను తిప్పి చూశాడు. కొత్త పీటను గోటితో గీరి, వాసన చూశాడు. తరవాత చీటీ తీసి కళ్ళజోడు సవరించుకున్నాడు. గదిలో గడియారం చప్పుడు చీటీలమ్మకు వినబడుతోంది. భద్రత. దాచడానికి. ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి ఆ కాగితం మీద ఉంటుంది, ఆయన ఇప్పుడు చదువుతాడు, పైకే చదువుతాడు.

"కారణం గడి ఖాళీగా ఉంది," అన్నాడు ఆఫీసరు.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న కలం ఆ గడి దగ్గర ఆగింది. మరమ్మతు కాదు, ఫొటో కోసం కాదు, శుభ్రం చెయ్యడానికి కాదు. ఉన్నదున్నట్టు రాయాలంటే భయం అని రాయాలి. చీటీల్లో అలాంటి కారణం ఎప్పుడూ ఎవరూ రాయలేదు. బయటినుంచి పెద్దసారు పిలుపు వినిపించడంతో ఆ గడి వదిలేసి సంతకం పెట్టేసింది. గడి ఖాళీగా వదిలితే ఎవర్నయినా చెరిగి పారేసే మనిషి, మొదటిసారి వదిలింది.

"పొరపాటయింది సార్."

"ఖాళీ వదలకూడదు కదా." పుస్తకం, కలం ఆమె ముందుకు జరిపాడు. ఆమె చేతినే చూస్తున్నాడు. "రాయండి. తేదీ కూడా."

ఆమె చీటీని నకలు మీద సరిగ్గా అమర్చి, మధ్యలో కార్బన్ పెట్టింది. ఆ పని వేళ్ళు వాటంతటవే చేశాయి. అలవాటు చేసిన ద్రోహం నుంచి అలవాటే కాపాడింది. "పీట వదులైంది" అని రాసింది. తిరిగి వచ్చిన తేదీ వేసింది.

"మిగతా ముప్పై?" అన్నాడు ఆఫీసరు. "ముప్పై పెట్టెలు ఖాళీ. వాటిలో చీటీలు లేవు. పీట వదులైతే చీటీ పెట్టే మనిషి, ముప్పై పోతే ఎందుకు పెట్టలేదు?"

"అవి తిరిగి రావు సార్. పైఆఫీసు పట్టుకెళ్ళింది. తిరిగొచ్చేవాటికే చీటీ."

"ఇప్పుడెక్కడున్నాయి?"

"నాకు తెలియదు."

ఆయనతో ఆమె చెప్పినవాటిలో నిజం అదొక్కటే. అది నిజమైనందుకో ఏమో, ఆయన చాలాసేపు ఆమె కళ్ళలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. ఇద్దరు సిపాయిల్ని పిలిచి, వాళ్ళకు వడ్రంగి ఇంటి గుర్తులు చెప్పమని ఆమెతో అన్నాడు. చెప్పింది. చెప్పకపోతే బొమ్మ కథ అబద్ధమైపోతుంది. వాళ్ళు జీపులో వెళ్ళారు.

ఆ ముప్పావుగంట ఆమె పెద్దసారు పక్కన బెంచీ మీద కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ముసలావిడ ఎంత వేగంగా నడవగలదు? బండి ఎంతదూరం పోయి ఉంటుంది? ప్రతి హారను మోతకూ పెద్దసారు మోకాళ్ళ మీది వేళ్ళు బిగుసుకున్నాయి.

సిపాయిలు ఉత్తచేతులతో తిరిగొచ్చారు. ఇంట్లో రంపంపొట్టు ఉందన్నారు. పొయ్యి మీద నీళ్ళగిన్నె ఇంకా వెచ్చగా ఉందన్నారు. మనుషులు లేరన్నారు.

వెచ్చగా ఉందన్న మాట దగ్గర ఆఫీసరు బొమ్మ వంక ఒకసారి, చీటీలమ్మ వంక ఒకసారి చూశాడు. ఆమె ఇక అయిపోయిందనుకుంది. ఆయన మాత్రం చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, రేపటినుంచి ఇద్దరూ సరిగ్గా పదింటికి రావాలని చెప్పాడు. వడ్రంగి కనబడితే తనకు చెప్పాలన్నాడు. ఆ జేబులోని కాగితం తనను కాపాడుతుందో, తీరికగా ఉరి తీస్తుందో ఆమెకు అర్థంకాలేదు.

బొమ్మను తన చేత్తోనే మూలపెట్టెలో పెట్టింది. అయిందా పిండి అని అడగలేదు. వెనకే సిపాయి ఉన్నాడు.

గేటు దాటి, రెండో వీధి కూడా దాటాక పెద్దసారు నెమ్మదిగా అడిగాడు.

"ఎక్కడ పెట్టాడమ్మా?"

"తెలియదు సార్. చెప్పొద్దన్నాను."

ఆయన నడక ఆపాడు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మంచి పని చేశావన్నాడు. అంటూనే ఆయన పెదవులు తెల్లబడ్డాయి. వినేవాళ్ళెవరూ లేకపోయినా బాగా గొంతు తగ్గించి అన్నాడు.

"వాడికేమైనా అయితే?"

చీటీలమ్మ చెప్పుల వంక చూసుకుంది. ఆ మాట ఆమెకు వడ్రంగి గుమ్మంలోనే తట్టింది. ముప్పై వస్తువులు, ముగ్గురు మనుషులు. ఎక్కడున్నారని అడిగితే చెప్పడానికి ఊరు మొత్తంలో ఒక చీటీ కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గర నిలబడి ఉంది, పొద్దుటినుంచీ కూర్చున్నట్టు లేదు. ఏమైందని అడగలేదు. కోడలి చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకుపోయి, తనే నీళ్ళు పోసి, సబ్బు పెట్టి ఆ బొటనవేలు రుద్దడం మొదలుపెట్టింది. మరక పోలేదు. కొత్త మరక పాతదాని మీద పడి ఇంకా నల్లగా ఉంది.

"పోదు అత్తయ్యా."

"నోరు మూసుకుని చెయ్యి నిలకడగా పెట్టు," అంది అత్తగారు. ఆవిడ చెయ్యీ వణుకుతోంది.